బ్లాస్టర్ 200: కిక్ తేలిగ్గా దిగిపోతోంది, కంప్రెషన్ గేజ్‌లో 78. రింగులు వేస్తే సరిపోద్దా?

గట్టుమీద_బండి (మొగల్తూరు)

నమస్కారమండి. బండి యమహా బ్లాస్టర్, నాలుగు చక్రాల క్వాడ్. టూ స్ట్రోక్, 195 సీసీ, ఎయిర్ కూల్డ్, కిక్ మాత్రమే. రోడ్డెక్కే బండి కాదు. రొయ్యల చెరువు గట్ల మీద మేత తిప్పడానికి వాడుతున్నాం. వెనకాల 25 కేజీల బస్తాలు రెండు, ఒక్కోసారి మూడు.

చల్లగా ఉన్నప్పుడు చోక్ వేసి కొడితే అందుకుంటోంది. వేడెక్కాక ఆపితే మాత్రం కిక్‌కి రాదు, గేర్‌లో వేసి తోయాల్సిందే. కిక్ రాడ్ చేత్తో నొక్కినా దిగిపోతోంది. చదునులో పర్లేదు గానీ తూము దగ్గర ర్యాంపు ఎక్కాలంటే ఫస్ట్ గేర్‌లో కూడా ఏడుస్తోంది. పొగ మామూలే. గేర్ ఆయిల్ తగ్గట్లేదు. ప్లగ్ బీ8ఈఎస్, మొన దగ్గర తెల్లగా ఉంటోంది.

పోయిన ఎండాకాలం ఒకసారి ఇంజన్ పట్టేసింది. అప్పుడు మెకానిక్ బ్లాక్ విప్పి, గీతలు పడ్డచోట ఎమెరీ పేపర్ రుద్ది, పిస్టన్ అదే ఉంచి రింగులు మాత్రం కొత్తవి వేశారు. ప్యాకింగ్ దొరక్క షీట్ కోసి పెట్టారు. పుల్లింగ్ అప్పట్నుంచే తగ్గింది. ఆ తర్వాత వానాకాలమంతా షెడ్డులో ఉండిపోయింది. ఆయిల్ పంపు పాత ఓనరే తీసేశారు, లీటరు పెట్రోల్‌కి 30 మి.లీ. 2టి ఆయిల్ కలుపుతున్నాం.

కారు మెకానిక్ దగ్గర కంప్రెషన్ గేజ్ (పిస్టన్ నొక్కిన గాలి ఒత్తిడి కొలిచేది) తెచ్చి చూస్తే 78 పీఎస్ఐ వచ్చింది. మళ్ళీ రింగులు వేయిస్తే సరిపోద్దా, బోరుకి (సిలిండర్ లోపలి గోడ కోసి వెడల్పు చేయడానికి) ఇవ్వాలా? రొయ్యల పట్టుబడి లోపు బండి కావాలండి.

రెండు_స్ట్రోకులు (అమలాపురం)

ముందు ఆ 78ని నమ్మకండి. కంప్రెషన్ బాగుందనడం లేదు, అంకె తప్పై ఉండొచ్చంటున్నా. కారు గేజ్‌కి అడుగు పొడవు హోస్ ఉంటుంది. గాలి వెనక్కి రాకుండా ఆపే పిన్ను, అదే టైరు వాల్వులో ఉండే లాంటిది, ఎక్కడుందో చూడండి. హోస్ చివర, ప్లగ్ హోల్‌లోకి బిగించే అడాప్టర్ మొనలో ఉంటే సరే. గేజ్ దగ్గరే ఉంటే హోస్‌లోని ఖాళీ అంతా హెడ్‌లోని ఖాళీకి కలిసిపోతుంది. కారులో అది పెద్ద తేడా కాదు. బ్లాస్టర్‌లో పిస్టన్ పూర్తిగా పైకి వచ్చాక దాని పైన మిగిలే ఖాళీయే 20 సీసీ చిల్లర. దానికి ఇంకో 5, 6 సీసీ కలిస్తే మంచి ఇంజన్ కూడా చచ్చిన ఇంజన్‌లా చూపిస్తుంది. అడాప్టర్ 14 మి.మీ. మరదే, కానీ పొడవు 19 మి.మీ. ఉండాలి. పొట్టిదైతే ఆ మర ఖాళీ కూడా లెక్కలోకి వచ్చేస్తుంది.

పరీక్ష ఎలా చేశారో మీరు రాయలేదు. పద్ధతి ఇది: ఇంజన్ ఒక ఐదు నిమిషాలు నడిపి వేడి చెయ్యండి. ప్లగ్ తీసి, క్యాప్‌లో పెట్టి, హెడ్‌కి ఆనించి ఉంచండి, లేకపోతే సీడీఐ (స్పార్క్ ఇచ్చే కరెంటు డబ్బా) పోతుంది. కిల్ స్విచ్ ఆఫ్. చోక్ వేసి ఉంచకండి. యాక్సిలరేటర్ బొటనవేలితో చివరి దాకా నొక్కిపెట్టాలి, ఇది ముఖ్యం. కార్బొరేటర్ స్లైడ్ మూసి ఉంటే గాలి లోపలికే రాదు, రానిదాన్ని పిస్టన్ ఏం నొక్కుతుంది? అప్పుడు ముల్లు ఇక పైకి పోను అనేదాకా గట్టిగా కిక్ కొట్టండి. ఆరేడు కిక్కులు పడుతుంది.

ఈ ఇంజన్ కంప్రెషన్ నిష్పత్తి కంపెనీ లెక్క ప్రకారం 6.6:1. కొత్త పిస్టన్, బోరు మీద 115 నుంచి 130 మధ్య రావాలి. 100 కింద ఉంటే పని పడినట్టే. 80 దాటకపోతే వేడి మీద స్టార్ట్ అవ్వకపోవడం మామూలే. కేజీల గేజ్ అయితే ఒక కేజీ అంటే 14.2 పీఎస్ఐ. కొండ ప్రాంతాల వాళ్ళు ఎత్తు పేరు చెప్పి కొంత తగ్గించుకోవచ్చు, మన డెల్టాలో ఆ సాకు కుదరదు.

కొబ్బరి_మట్ట (రాజోలు)

ఆయ్, ఇంత ఎందుకండీ. ప్లగ్ హోల్‌లో చెంచాడు 2టి ఆయిల్ పోసి రెండు కిక్కులు తిప్పి మళ్ళీ గేజ్ పెట్టండి. అంకె లేచిందా, రింగులు పోయినట్టు. లేవలేదా, హెడ్ గాస్కెట్టో పిస్టన్ చిల్లో. మెకానిక్‌లందరూ చేసేది ఇదే.

రెండు_స్ట్రోకులు (అమలాపురం)

ఫోర్ స్ట్రోక్‌లో అది మంచి పరీక్షే. టూ స్ట్రోక్‌లో సగం మాటే చెబుతుంది. ఆయిల్ పోస్తే బాగున్న ఇంజన్‌లో కూడా అంకె కొంచెం లేస్తుంది, పైగా చెంచా బదులు గరిటెడు పోసేస్తే ఆ ఆయిలే ఖాళీని పూడ్చి 150 చూపిస్తుంది. 5 మి.లీ. మించొద్దు. అంకె లేచిందనుకోండి, గాలి పిస్టన్ పక్కనుంచి పోతోందని తెలిసింది. అది రింగు అరుగుదలా, గాడిలో రింగు బిగుసుకుపోవడమా, బోరు అరుగుదలా? ఆ తేడా చెప్పదు. ఈయనకి కావాల్సింది సరిగ్గా ఆ తేడానే.

లేత్_బల్ల (భీమవరం)

గట్టు గారూ, బ్లాక్ విప్పకముందే సగం సంగతి కంటికి కనపడుతుంది. సైలెన్సర్ పైపు తీసెయ్యండి, ఎగ్జాస్ట్ పోర్టులోంచి టార్చి వేసి పిస్టన్‌ని కిక్‌తో నెమ్మదిగా కిందకీ పైకీ కదపండి. రింగు పోర్టుకి ఎదురుగా వచ్చినప్పుడు వెదురు పుల్లతో నొక్కి చూడండి. ఇనప వస్తువు వద్దు. స్ప్రింగులా లోపలికి పోయి బయటికి వస్తే రింగు బతికే ఉంది. కదలకపోతే గాడిలో మసి పట్టి బిగుసుకుంది. వానాకాలం పడుకున్న బండి కాబట్టి ఇంకోటి చూడాలి. పిస్టన్ కిందికి వచ్చి ఎగ్జాస్ట్ పోర్టు తెరుచుకుని ఆగిపోతే, సైలెన్సర్‌లోంచి ఉప్పు గాలి తిన్నగా బోరులోకి వెళ్తుంది. రింగు ఆనిన చోట గుండ్రంగా తుప్పు గీత పడుతుంది. అది గోరుకి తగిలేంత ఉంటే ఎన్ని రింగులు మార్చినా నిలవదు.

పిస్టన్ మీద గీతలు ఎటువైపు ఉన్నాయో గుర్తుపెట్టుకోండి. ఎగ్జాస్ట్ వైపు నిలువు గీతలుంటే వేడికి పట్టేసింది, అంటే పెట్రోల్ తక్కువ, గాలి ఎక్కువ. నాలుగు మూలలా గీతలుంటే క్లియరెన్స్ చాలక, లేదా చల్లటి ఇంజన్‌ని ఒక్కసారి లాగించడం వల్ల. కార్బొరేటర్ వైపు గీతలు లోతుగా లేకుండా బూడిద రంగులో, మెరుపు పోయి ఉంటే అది దుమ్ము. పేరుపాలెం బీచ్ ఇసుకలో తిప్పిన బండ్లన్నిటికీ అటువైపే అరిగిపోయి ఉంటుంది.

ఇక బ్లాక్ విప్పాక బోరు గేజ్ లేదని ఆగక్కర్లేదు, ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్న రేకులు) చాలు. ఒక రింగు తీసి బోరులో పెట్టి, పిస్టన్ తలతో తోసి అడ్డంగా సమంగా కూర్చోబెట్టండి. ముందు అడుగున, పోర్టుల కింద, రింగు ఎప్పుడూ తిరగని చోట, దాని రెండు కొసల మధ్య గ్యాప్ కొలవండి. తర్వాత పైఅంచుకి 15 మి.మీ. కింద కొలవండి. రెండు అంకెల తేడాని 3.14తో భాగిస్తే బోరు ఎంత వెడల్పయ్యిందో వస్తుంది. 0.31 తేడా ఉంటే బోరు 0.1 మి.మీ. అరిగినట్టు. ఈ ఇంజన్లలో 0.05 దాటితే రీబోరే. అరిగిన బోరులో కొత్త రింగు వేస్తే పైన వదులు, కింద బిగువు అవుతుంది. ప్రతి దెబ్బకీ విచ్చుకుని ముడుచుకుంటూ పిస్టన్ గాడినే తినేస్తుంది.

రింగు గ్యాప్ విషయానికొస్తే 66 మి.మీ. బోరుకి కొత్తలో 0.30 నుంచి 0.45 దాకా ఉండాలి. 0.7 దగ్గరికి వస్తే ఆ రింగుకి కాలం చెల్లినట్టే.

మీరు రాసిన వాటిలో నన్ను ఎక్కువ పట్టుకున్నది షీట్ కోసిన ప్యాకింగ్ సంగతి. ఏ ప్యాకింగ్ అండి, బ్లాక్ కిందదా? మందమెంత?

బీపీ_మిషన్ (తణుకు)

తెల్లటి ప్లగ్, అంతకుముందు పట్టేసిన చరిత్ర. ఈ రెండూ కలిపి చదివితే కంప్రెషన్ పోవడం రోగం కాదు, రోగం మిగిల్చిన గుర్తు. ఇంజన్ ఎక్కడో దొంగగాలి పీలుస్తోంది. అది పట్టుకోకుండా 66.50 మి.మీ. ఓవర్‌సైజ్ బోరు, కొత్త పిస్టన్ వేసినా వచ్చే ఎండాకాలానికి మళ్ళీ పట్టేస్తుంది. విప్పకముందే ప్రెషర్ టెస్ట్ చెయ్యండి. విప్పేశాక ఈ సమాచారం ఇక దొరకదు.

దీనికి పెద్ద సామాను అక్కర్లేదు. మెడికల్ షాపులో దొరికే ముల్లు రకం బీపీ మిషన్ చాలు, చేతికి చుట్టే పట్టా పక్కన పెట్టేసి బల్బు, మీటరు, రబ్బరు గొట్టం వాడాలి. మీటరు 300 దాకా ఉంటుంది, 300 అంటే దాదాపు 5.8 పీఎస్ఐ. టూ స్ట్రోక్ క్రాంక్‌కేస్‌కి (పిస్టన్ కింద ఉండే గదికి) ఆరు పీఎస్ఐ పరీక్షే లెక్క, కాబట్టి సరిగ్గా సరిపోయింది. కంప్రెసర్ గాలి మాత్రం పెట్టకండి, సీళ్ళు తన్నుకుని బయటికొస్తాయి.

ఎగ్జాస్ట్ ఫ్లాంజ్ మీద పాత ట్యూబు ముక్క, దానిమీద రేకు పెట్టి పాత బోల్టులతోనే బిగించండి. కార్బొరేటర్ తీసి, దాన్ని ఇంజన్‌కి కలిపే రబ్బరు మానిఫోల్డ్‌లో సరిపడా బిరడా దూర్చి క్లాంపు వేయండి. రబ్బరుని మాత్రం పీకెయ్యకండి, దాన్నీ పరీక్షించాలి. పాత ప్లగ్ ఒకటి పగలగొట్టి పింగాణీ తీసేసి, ఆ ఇనుప గుల్లకి టైరు వాల్వు గొట్టం అతికిస్తే గాలి పెట్టే దారి అయిపోతుంది. పిస్టన్ అడుగున ఉండాలి, అప్పుడే ట్రాన్స్‌ఫర్ పోర్టులు తెరుచుకుని పైభాగం, క్రాంక్‌కేస్ ఒకటవుతాయి.

బల్బు నొక్కి 300 దాకా తెచ్చి మర బిగించండి. నిమిషానికి 50 కన్నా ఎక్కువ పడకూడదు. పడితే సబ్బునీళ్ళు బ్రష్‌తో రాయండి: మానిఫోల్డ్ రబ్బరు, రీడ్ వాల్వ్ (గాలిని ఒకవైపే వెళ్ళనిచ్చే రేకులు) ప్యాకింగ్, బ్లాక్ కింద ప్యాకింగ్, హెడ్ జాయింట్, చివరికి ఎడమవైపు కవరు విప్పి మాగ్నెట్ వెనక ఆయిల్ సీల్. బుడగలు ఎక్కడొస్తే అక్కడే. ఎక్కడా రాలేదు కానీ ముల్లు పడుతోందంటే కుడివైపు, క్లచ్ లోపలున్న సీల్. అప్పుడు గేర్‌బాక్స్ గాలి పైపు నీళ్ళలో ముంచితే బుడగలు అక్కడ కనిపిస్తాయి. ఆ సీల్ పోతే సాధారణంగా గేర్ ఆయిల్ తాగేసి తెల్లపొగ వస్తుంది. మీకు ఆయిల్ తగ్గట్లేదన్నారు కాబట్టి నా అనుమానం ఎడమవైపు మీదే.

ఎలాగూ మానిఫోల్డ్ దాకా వెళ్తున్నారు కాబట్టి రీడ్ వాల్వ్ కూడా తీసి వెలుతురుకి పెట్టి చూడండి. రేకుల అంచున వెలుతురు కనపడినా, మూల విరిగినా మార్చెయ్యాలి. గేజ్ అంకె దానివల్ల పెద్దగా తగ్గదు, కింద లాగుడు మాత్రం చచ్చిపోతుంది.

పిల్లల_క్వాడ్ (కాకినాడ)

మధ్యలో దూరుతున్నా, ఏమీ అనుకోకండి. తాడు లాగి స్టార్ట్ చేసే 49 సీసీ పిల్లల క్వాడ్‌కి కూడా ఇదే గేజ్ పెట్టొచ్చా? మాకు 55 చూపిస్తోంది.

రెండు_స్ట్రోకులు (అమలాపురం)

ఆ బండికి ముందు ప్లగ్ తీసి మర పొడవు చూడండి. వాటిలో చాలావాటికి మర పొట్టిగా, సుమారు 9.5 మి.మీ. ఉంటుంది. 19 మి.మీ. అడాప్టర్ బిగిస్తే లోపలికి పొడుచుకొచ్చి పిస్టన్ తలకి కొడుతుంది. ఇంజన్ అంత చిన్నది కాబట్టి హోస్ ఖాళీ ప్రభావం ఇంకా ఎక్కువ. మొనలో వాల్వున్న గేజ్‌తో చూసే దాకా ఆ 55కి అర్థం లేదు. వివరాలతో వేరే పోస్టు పెట్టండి, ఇక్కడ కలగాపులగం అవుతుంది.

గట్టుమీద_బండి (మొగల్తూరు)

అందరికీ ధన్యవాదాలండి. చెప్పినవన్నీ చేసి కొలతలు రాస్తున్నా.

గేజ్ హోస్‌లో వాల్వు గేజ్ దగ్గరే ఉంది. భీమవరంలో మొనలో వాల్వున్నది దొరికింది. ఇంజన్ వేడి మీద, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి, 94. ఆయిల్ 5 మి.లీ. పోశాక 119.

రింగులు పుల్లతో నొక్కితే కదులుతున్నాయి. పిస్టన్‌కి ఎగ్జాస్ట్ వైపు నిలువు గీతలు, కార్బొరేటర్ వైపు బూడిద రంగు. బోరులో తుప్పు గీత సన్నగా ఉంది, గోరుకి కొంచెం తగులుతోంది.

బీపీ మిషన్ పెడితే 300 నుంచి నిమిషంలో 190కి పడిపోయింది. బుడగలు రెండుచోట్ల: మానిఫోల్డ్ రబ్బరు అడుగున చీలిక ఉంది, పైనుంచి కనపడలేదు. మాగ్నెట్ వెనక సీల్ దగ్గర సన్నగా.

రింగు గ్యాప్ అడుగున 0.40, పైన 0.72. పిస్టన్ తల మీద ఓవర్‌సైజ్ అంకె ఏమీ లేదు.

లేత్ గారడిగిన ప్యాకింగ్ బ్లాక్ కిందదే. నొక్కుకుపోయాక కూడా 1 మి.మీ. పైనే ఉంది. రీడ్ రేకులు బాగానే ఉన్నాయి.

లేత్_బల్ల (భీమవరం)

ఇంత శుభ్రంగా కొలతలు ఇస్తే చెప్పడం తేలికండి. 0.72లోంచి 0.40 తీస్తే 0.32, 3.14తో భాగిస్తే 0.10. బోరు పదో వంతు మి.మీ. కోన్ అయ్యింది, పైగా ఎమెరీ రుద్దిన చోట గుంట, తుప్పు గీత. రింగులతో అయ్యే పని కాదు. మొదటి పట్టేత తర్వాత ఈ పని చేసి ఉంటే 66.25తో తేలిపోయేది. ఇప్పుడు 66.25కి గీతలు పూర్తిగా పోతాయన్న నమ్మకం లేదు, హోనింగ్‌కి (బోరు గోడని రాయితో నునుపు చేయడానికి) కూడా లోహం మిగలాలి. తిన్నగా 66.50 తీసుకోండి.

పిస్టన్ కిట్ చేతికి వచ్చాకే బ్లాక్ బోరింగ్‌కి ఇవ్వండి. 66.50 అని కాగితం మీద రాసిచ్చి రాకండి. పిస్టన్ ఇచ్చి, దీని కొలతకి చెయ్యమనండి. స్కర్ట్ (పిస్టన్ కింది భాగం) అడుగు నుంచి 10 మి.మీ. పైన, గడ్జన్ పిన్నుకి (పిస్టన్‌ని రాడ్‌కి కలిపే పిన్నుకి) అడ్డంగా మైక్రోమీటర్ పెట్టి ఎంతొస్తే దానికి 0.06 నుంచి 0.07 కలిపితే బోరు. ఇది మామూలు కాస్టింగ్ పిస్టన్‌కి. ఫోర్జ్‌డ్ పిస్టన్ వేడికి ఎక్కువ ఉబ్బుతుంది, దానికి డబ్బాలో కాగితం మీద ఇచ్చిన క్లియరెన్సే వెయ్యాలి. ఆర్‌ఎక్స్ 100 బ్లాకులు చేసి చేసి అలవాటైన చేతులు 50 మి.మీ. బోరు లెక్కలో క్లియరెన్స్ పెట్టేస్తుంటాయి. 66కి అది బిగువు. నోటితో చెప్పి, తిరిగొచ్చాక ఫీలర్ పెట్టి చూసుకోండి.

చాలాచోట్ల వదిలేసే పని ఒకటుంది. బోరు చేశాక పోర్టుల అంచులు కత్తిలా తేలతాయి. ఆ అంచుల్ని సన్న ఆకురాయితోనో ఎమెరీ చుట్టిన పుల్లతోనో అర మి.మీ. ఏటవాలుగా గుండ్రం చెయ్యాలి, ముఖ్యంగా ఎగ్జాస్ట్ పోర్టు పైఅంచు, కిందంచు. లేకపోతే రింగు అక్కడ తగులుకుని విరుగుతుంది, విరిగిన ముక్క హెడ్‌ని కూడా తినేస్తుంది. వేలు పెట్టి రాస్తే గీసుకోకూడదు.

బ్లాక్ ఇంటికొచ్చాక పెట్రోల్‌తో కడిగి సరే అనుకోకండి. హోనింగ్ రాయి పొడి పెట్రోల్‌కి రాదు. వేడినీళ్ళు, బట్టల సబ్బు, బ్రష్. తుడిచి వెంటనే 2టి ఆయిల్ రాయండి, మన గాలికి గంటలోనే ఎర్రబడుతుంది. తెల్లగుడ్డతో తుడిస్తే నల్లమరక రానంతవరకూ కడుగుతూనే ఉండాలి.

ఆ కింద ప్యాకింగ్ తీసి పారెయ్యండి. కంపెనీ ప్యాకింగ్ అర మి.మీ. అటూ ఇటూ ఉంటుంది. మీకు సుమారు ముప్పావు మి.మీ. ఎక్కువ పడింది. 66 బోరు మీద 0.8 మి.మీ. ఎత్తు అంటే హెడ్‌లో 2.7 సీసీ అదనపు ఖాళీ. 20 సీసీ చిల్లరలో అదంటే కంప్రెషన్‌లో పదో వంతుకి పైనే ఎగిరిపోయింది. రింగులు కొత్తవి వేసిన రోజునుంచే పుల్లింగ్ ఎందుకు తగ్గిందని మీరు రాశారే, ఇదీ దాని జవాబు. బ్లాక్ పైకి లేస్తే పోర్టులన్నీ పైకి లేస్తాయి కాబట్టి ఎగ్జాస్ట్ ముందే తెరుచుకుంటుంది, బరువు లాగే కింది ఆర్‌పీఎంలో బలం తగ్గుతుంది. మీ బస్తాల పనికి కావాల్సింది ఆ బలమే.

రెండు_స్ట్రోకులు (అమలాపురం)

బిగించేటప్పుడు చూసుకోవాల్సినవి నేను రాస్తా. హెడ్‌ని అద్దం పలక మీద 400 నంబరు ఎమెరీ పరిచి ఎనిమిది అంకెలా తిప్పి రుద్దండి. అంతటా ఒకేలా మెరుపు వస్తే చదునుగా ఉన్నట్టు, మధ్యలో నల్లగా మిగిలితే అక్కడ వంగింది.

పిస్టన్ మీద బాణం ఎగ్జాస్ట్ వైపు. రింగు మీద అక్షరం పైకి. రింగు రెండు కొసలూ గాడిలో ఉన్న చిన్న మేకుని కౌగిలించుకోవాలి. మేకు మీద కొస ఎక్కించి బ్లాక్ దించితే రింగు అక్కడే విరుగుతుంది. బ్లాక్ బలవంతంగా దింపకండి, చేతి ఒత్తిడికే దిగాలి. గడ్జన్ పిన్ను దగ్గరి చిన్న బేరింగు, పిన్నుని ఆపే సర్‌క్లిప్పులు కొత్తవే. సర్‌క్లిప్ వేసేటప్పుడు క్రాంక్‌కేస్ నోట్లో గుడ్డ కుక్కండి, ఎగిరి లోపల పడితే మొత్తం ఇంజన్ చీల్చాలి. క్లిప్ తెరిచిన నోరు పైకో కిందకో ఉండాలి, పక్కకి కాదు.

కనెక్టింగ్ రాడ్‌ని రెండు చేతులా పట్టి తిన్నగా పైకీ కిందకీ లాగి చూడండి. టక్కుమన్నా సరే, అది పెద్ద బేరింగు ఆట, అప్పుడు పైభాగం మీద పెట్టే డబ్బు దండగ. పక్కలకి కొంచెం ఊగడం మామూలే. పట్టేసినప్పటి అల్యూమినియం పొడి క్రాంక్‌కేస్‌లో ఉండొచ్చు, కిరసనాయిల్‌లో కొంచెం 2టి కలిపి పోసి, తిప్పి, బండి వాల్చి తీసెయ్యండి.

హెడ్ పూర్తిగా బిగించాక 2 మి.మీ. సోల్డర్ తీగ ఒకటి ప్లగ్ హోల్‌లోంచి గోడ దాకా దూర్చి, పిన్ను దిశలో పెట్టి, కిక్‌తో ఒక్కసారి తిప్పి తీయండి. నలిగిన మొన మందం 1.0 నుంచి 1.5 మి.మీ. మధ్య ఉండాలి. అసలు నలగకుండా వచ్చిందంటే ఇంకా ఎక్కడో ప్యాకింగ్ మందంగా ఉంది. 0.9 కంటే తక్కువొస్తే అక్కడే ఆగాలి, పిస్టన్ హెడ్‌కి కొట్టే ప్రమాదం ఉంది.

నట్లు ఎదురెదురుగా, మూడు విడతల్లో. 8 మి.మీ. స్టడ్లు, 25 న్యూటన్ మీటర్లు చాలు. ఒక వేడి, చల్లారడం అయ్యాక మళ్ళీ ఓసారి చూడాలి.

బీపీ_మిషన్ (తణుకు)

బిగించాక కార్బొరేటర్ పెట్టకముందే మళ్ళీ 300 పెట్టి చూడండి. ఇది మానొద్దు. మానిఫోల్డ్ రబ్బరుకి సిలికాన్ పూసి సరిపెట్టకండి, పెట్రోల్‌కి అది జెల్లీలా ఊడి రీడ్ వాల్వ్‌లోకి పోతుంది. కొత్తదే. ఎడమ సీల్ కోసం మాగ్నెట్ పుల్లర్‌తోనే తీయాలి, సుత్తితో కొడితే క్రాంక్ వంగుతుంది. సీల్ పెదవికి గ్రీజు రాసి, పాతది ఎంత లోతున ఉందో అంతే లోతుకి దించండి.

ఇప్పుడు బంకుల్లో దొరికేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంది కాబట్టి అదే జెట్‌తో మిశ్రమం కాస్త పలచనవుతుంది. గాలి లీకులు మూశాక కూడా ప్లగ్ తెల్లగానే ఉంటే మెయిన్ జెట్ ఒక సైజు పెంచండి, కాఫీ పొడి రంగు రావాలి. కలిపిన పెట్రోల్ క్యాన్‌లో నెలలు ఉంచొద్దు, తేమ పీల్చుకుని అడుగున నీళ్ళు విడిపోతాయి, ఆ నీళ్ళలో 2టి ఉండదు. లీటరుకి 30 మి.లీ. సరైన లెక్కే. మొదటి ట్యాంకుకి 40 వెయ్యండి, డబ్బా మీద జేఏఎస్ఓ ఎఫ్‌సీ గానీ ఎఫ్‌డీ గానీ ఉన్న ఆయిల్ చూసుకుని. మొదట స్టార్ట్ చేసి చెయ్యి పెట్టలేనంత వేడెక్కగానే ఆపి పూర్తిగా చల్లారనివ్వండి, ఇలా మూడుసార్లు. ఆ ట్యాంకు అయ్యేదాకా సగం యాక్సిలరేటర్ మించొద్దు, బస్తాలు వద్దు, అలాగని ఒకే స్పీడ్‌లో గంటసేపు కూడా వద్దు.

గట్టుమీద_బండి (మొగల్తూరు)

66.50 కిట్, మానిఫోల్డ్, సీళ్ళు, ప్యాకింగ్ సెట్ చెప్పేశానండి. కార్బొరేటర్ వైపు బూడిద రంగు దుమ్ము వల్లే అన్నారు. ఫిల్టర్ నెలకోసారి పెట్రోల్‌లో కడుగుతున్నాం, మరి చాలట్లేదా?

కొబ్బరి_మట్ట (రాజోలు)

చాలదండి, పెట్రోల్‌లో అసలే వద్దు. ఫోమ్‌ని అతికించిన జిగురు ఊడిపోతుంది. కిరసనాయిల్‌లో పిండి, తర్వాత సబ్బునీళ్ళలో పిండి, నీడన ఆరబెట్టి, 20డబ్ల్యూ40 ఇంజన్ ఆయిల్ పోసి పిసికి, కారకుండా పిండెయ్యాలి. ఆయిల్ లేని ఫోమ్ జల్లెడే, దుమ్ము ఆగదు. ఎండిన గట్టు మట్టి టాల్కం పౌడర్‌లా ఉంటుంది కదా, ఎండాకాలం వారానికోసారి తీసి చూడండి. ఫిల్టర్ డబ్బాకి ఆనే అంచు చుట్టూ గ్రీజు పూయండి. ఒక వేలు డబ్బా లోపల, ఫిల్టర్ దాటాక రాసి చూడండి, గరుకు తగిలిందంటే అంచు దగ్గర దుమ్ము జారుతోంది.

వానాకాలం మళ్ళీ షెడ్డులో పెట్టేటప్పుడు ప్లగ్ తీసి 10 మి.లీ. 2టి పోసి నెమ్మదిగా తిప్పి, కిక్ బరువు తగిలే చోట, అంటే పిస్టన్ పైకి వచ్చి పోర్టులు మూసుకున్న చోట, ఆపెయ్యండి. సైలెన్సర్ నోట్లో ఆయిల్ గుడ్డ కుక్కి పైన పాలిథిన్ కట్టండి. ఆ గుడ్డకి ఒక ఎర్ర దారం కట్టి హ్యాండిల్‌కి వేలాడదీస్తే, తీయకుండా ఎవరూ కిక్ కొట్టరు.